ఫలాగమం లేని నాయకుడు



ఛందస్సును, అలంకారాలను పట్టుకుని వ్రేలాడే ఈ ముసలి పంతులు ఉన్నట్టుండి ఫుట్‌బాల్ మీద పడ్డాడేమిటని మీలో కొందరైనా ఆశ్చర్యపోతారు. నన్నక్కడికి ఈడ్చుకుపోయినది బంతి కాదు, ఒక మాట. ఆ మాట అభిమానం.

సంస్కృతంలో అభిమానమంటే ప్రధానంగా తనను గూర్చి తాను గొప్పగా తలచుకొనుట. గర్వమనండి, ఆత్మగౌరవమనండి. దుర్యోధనుణ్ణి అభిమానధనుడన్నప్పుడు ఉన్నది ఆ అర్థమే. తెలుగు నేల మీదికి వచ్చాక ఈ మాట రెండవ కాపురం కూడా పెట్టింది. మనకు ఇతరుల మీద ఉండే ప్రీతి కూడా అభిమానమే అయి కూర్చున్నది. అత్తవారింట అల్లుని మీద అభిమానం, సినిమా నటుని మీద అభిమానం, పాత పంతులుగారి మీద అభిమానం. ఒకడు తన్ను తాను గౌరవించుకోవడానికీ, ఊరంతా అతణ్ణి ప్రేమించడానికీ ఒకే మాట ఎట్లా సరిపోయిందని తరగతిలో పిల్లలు అడిగేవారు. అర్థవ్యాప్తి అని పాఠం చెప్పి ముందుకు సాగేవాణ్ణి. మనసుకు హత్తుకునే ఉదాహరణ ఒకటి పదవీ విరమణ తరువాత దొరికింది. ఆ ఉదాహరణ పేరు కజుయోషి మియురా. జపాను దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు. 1967 ఫిబ్రవరి 26న షిజువోకాలో పుట్టాడు. అక్కడ పసిపిల్లల నుంచి పండుముసలి దాకా అందరూ ఆయనను కజు అంటారు. రాజుగారని పేరుకు ముందు ఆంగ్లంలో ‘కింగ్’ కూడా తగిలిస్తారు.

లెక్కలు మాత్రమే చూసేవారికి ఈ రాజరికం అర్థం కాదు. దేశం తరఫున ఎక్కువ గోళ్ళు చేసినవాడు కజు కాడు. ఆ గౌరవం కునిషిగే కమమోతోది. 76 ఆటలలో 75 గోళ్ళు. 1968 మెక్సికో ఒలింపిక్సులో జపానుకు కాంస్య పతకం వచ్చినప్పుడు ఏడు గోళ్ళతో ఆ పోటీలన్నిటిలో ముందు నిలిచినవాడు ఆయనే. 2025 ఆగస్టులో, 81వ యేట కన్నుమూశాడు. కజు లెక్క 89 ఆటలలో 55. ఐరోపాలో వెలిగినవాడూ కజు కాడు. ఆ వెలుగు హిదెతోషి నకాతాది, ఆ తరువాత షున్‌సుకే నకమురాది. ప్రపంచ కప్పులో జపానుకు మొట్టమొదటి గోలు చేసినవాడా అంటే, అదీ కాదు. అది మసాషి నకయామా చేసినది. అసలు మన కజు ప్రపంచ కప్పులో ఒక్క నిమిషమైనా ఆడలేదు. అయినా ఆ దేశంలో ఫుట్‌బాల్ మొగమెరుగని ఇల్లాలు కూడా ఎరిగిన ఆటగాని పేరు చెప్పమంటే కజు పేరు వస్తుంది. ఎందుకు?

మన నాటక లక్షణంలో కథకు ఐదు అవస్థలు చెప్పారు. ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. నాయకుడు కోరుకుంటాడు, ప్రయత్నిస్తాడు, దొరుకుతుందేమోనని ఆశ పడతాడు, దొరికి తీరుతుందన్న నిశ్చయానికి వస్తాడు, చివరికి ఫలం చేత చిక్కుతుంది. కజు కథలో మొదటి నాలుగూ పుష్కలంగా ఉన్నాయి. ఐదవది లేదు. నా అలంకారశాస్త్రం ప్రకారం అది అసంపూర్ణ నాటకం. ప్రేక్షకుడు మాత్రం ముప్పై యేళ్ళుగా కుర్చీలోంచి లేవలేదు.

ఆరంభం చూడండి. 1982 చివర, పదిహేనేళ్ళ వయసులో, ఉన్నత పాఠశాల మొదటి సంవత్సరం పూర్తి కాకుండానే బడి మానేసి ఒంటరిగా బ్రెజిల్ వెళ్ళిపోయాడు. అప్పటికి జపానులో వృత్తి ఫుట్‌బాల్ అన్నదే లేదు. కంపెనీలలో ఉద్యోగం చేస్తూ కంపెనీ జట్టుకు ఆడడమే అక్కడి పద్ధతి. తొంభై తొమ్మిది పాళ్ళు అసాధ్యమని బడిలో పంతులుగారు చెబితే, మిగిలిన ఒక్క పాలును నమ్ముకుంటానన్నాడని ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఇది చదివినప్పుడు నాకు ఆ కుర్రవాని కన్న ఆ పంతులుగారి మీద జాలి కలిగింది. ఆయన చెప్పినది అబద్ధం కాదు. బడి మానిన పిల్లవాని వెనుక నడిచి వాళ్ళ ఇంటిదాకా వెళ్ళిన ఉపాధ్యాయులకు ఆ తొంభై తొమ్మిది ఎంత నిజమో తెలుసు. మనకు కథలుగా మిగిలేది నూరవవాడే.

యత్నం నాలుగేళ్ళు. సావో పావ్లో నగరంలోని జువెంటుస్ అనే జట్టులో పిల్లల మధ్య పిల్లవాడుగా, భాష రాని చోట, చేరి, 1986లో శాంతోస్ సంఘంతో వృత్తి ఆటగానిగా ఒప్పందం చేసుకున్నాడు. పెలే ఆడిన శాంతోస్ అది. తరువాత బ్రెజిల్‌లోనే నాలుగైదు జట్లు తిరిగి 1990లో స్వదేశానికి వచ్చాడు. 1993 మే 15న జపానులో వృత్తి ఫుట్‌బాల్ పోటీలు, జె లీగు అంటారు, పది జట్లతో మొదలైనప్పుడు ఆయన వెర్డీ కవసాకి జట్టులో ముందువరుస ఆటగాడు. ఆ యేడు ఉత్తమ ఆటగాడు ఆయనే. ఆసియా ఖండానికే ఉత్తమ ఆటగాడు కూడా. బహుమతి సభకు ఎర్రని సూటు తొడుక్కుని వచ్చాడు. గోలు కొట్టినప్పుడల్లా కాళ్ళు చకచకా ఆడించి ఒక చిన్న నృత్యం చేసేవాడు. అణకువే అలంకారమనుకునే దేశంలో ఎర్ర సూటు, నాట్యం! విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో నాయకులను నాలుగు తరగతులు చేశాడు గదా, ఈయనను ధీరలలితుల వరుసలో కూర్చోబెట్టవచ్చు. కళాసక్తుడు, సుఖి, విలాసి. పైకి కనిపించేది అంతే. ఆ విలాసం వెనుక ఉన్నది బయటపడడానికి దోహా కావలసి వచ్చింది.

1993 అక్టోబరు 28. కతార్ దేశపు దోహా నగరం. అమెరికాలో జరగబోయే ప్రపంచ కప్పుకు ఆసియా నుంచి రెండు జట్లను ఎంచే చివరి పోటీ. ఇరాకును గెలిస్తే జపాను చరిత్రలో మొదటిసారి ప్రపంచ కప్పుకు వెళుతుంది. ఐదవ నిమిషంలో కజు గోలు చేశాడు. ఇరాకు సమం చేసింది. 69వ నిమిషంలో నకయామా మరొక గోలు చేశాడు. 2-1. తొంభై నిమిషాలు అయిపోయాయి. గాయాలకూ ఆలస్యాలకూ కలిపే ఆ కాస్త సమయమే మిగిలింది. నాటకంలో నియతాప్తి అంటే అచ్చంగా ఇదే. ఫలం చేతికి అందింది, వ్రేళ్ళు ముడవడమే తరువాయి. ఇరాకుకు మూల నుంచి బంతి వేసే అవకాశం వచ్చింది. అందరూ అనుకున్నట్టు నేరుగా గోలు ముందుకు వేయకుండా పక్కనున్న తమవానికి అందించారు. ముందువరుసలో ఉండవలసిన కజు అక్కడికి పరుగెత్తుకు వచ్చి అడ్డుపడబోయాడు. ఆ ఆటగాడు కజును తప్పించుకుని బంతిని గాలిలోకి లేపాడు. కజు చాచిన కాలిని దాటి పోయిన ఆ బంతి మరొక ఇరాకు ఆటగాని తలకు తగిలి లోపల పడింది. 2-2. సౌదీ అరేబియా, దక్షిణ కొరియా వెళ్ళాయి. జపాను ఇంటికి వెళ్ళింది.

నకయామాను అప్పటికే బయటికి పిలిచి వేరొకరిని పంపారు. బంతి లోపల పడగానే ఆయన కూర్చునే బల్ల పక్కన నేల మీద కూలబడ్డాడు. లోపల ఉన్నవారూ ఉన్నచోటనే కూలబడ్డారు. జపానులో ఆనాటి రాత్రిని ‘దోహా విషాదం’ అంటారు. పెద్ద అక్షరాలతో వ్రాయవలసిన పేరు. ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత, 2022లో, అదే దోహాలో జర్మనీని 2-1తో ఓడించిన జపాను జట్టుకు శిక్షకుడైన హజిమే మొరియాసు కూడా ఆ రాత్రి మైదానంలో ఉన్న ఆటగాడే. ఆయనకు అట్లా కొంత బాకీ తీరింది. కజుకు తీరలేదు.

ఐదేళ్ళు గడిచాయి. నడుమ ఇటలీ వెళ్ళి జెనోవా జట్టుకు ఒక యేడు ఆడాడు. ఆ దేశపు అగ్రశ్రేణిలో ఆడిన మొదటి జపానీయుడు ఆయనే. మొదటి ఆటలోనే ముక్కు పగిలింది. యేడంతటికీ ఒకే గోలు, అదీ ఊరిలోని ప్రత్యర్థి సంప్‌దోరియా మీద. తిరిగి వచ్చి 1996లో జె లీగులో 23 గోళ్ళతో అందరి కన్న ముందున్నాడు. ఫ్రాన్సులో జరగబోయే 1998 ప్రపంచ కప్పుకు జపాను నెగ్గింది. 1997 నవంబరు 16న మలేషియాలోని జొహోర్ బహ్రులో ఇరాన్‌ను అదనపు సమయంలో 3-2తో గెలిచి నెగ్గింది. ఆ గెలుపు పూర్తిగా కజుది కాదు. ఆట నడుమ, 63వ నిమిషంలో, శిక్షకుడు తకేషి ఒకదా ఆయననూ నకయామానూ ఒకేసారి వెనక్కు పిలిచాడు. పలకపై తన అంకె చూసి కజు తన గుండె మీద వ్రేలు పెట్టుకుని ‘నేనా?’ అన్నట్టు అడిగిన దృశ్యం జపానీయులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాత్రి మూడు గోళ్ళకూ మూలం ఇరవై యేళ్ళ కుర్రవాడు నకాతా. రాజ్యం చేతులు మారడం ఎట్లా ఉంటుందో చూడదలచినవారు ఆ ఆట చూడవచ్చు.

అయినా జట్టులో కజు ఉంటాడనే అందరూ అనుకున్నారు. 1998 జూన్ 2న, పోటీలకు కొద్ది రోజుల ముందు, స్విట్జర్లాండులోని నియోన్ శిబిరంలో ఇరవై ఐదుగురిలోంచి ముగ్గురిని తీసివేస్తూ ఒకదా పేర్లు చదివాడు. కజు, అతనితో పాటు కితజావా, పద్దెనిమిదేళ్ళ ఇచికావా. కజు జుట్టుకు బంగారు రంగు వేయించుకుని స్వదేశంలో విమానం దిగాడు. విలేకరుల ముందు కూర్చుని, జపాను ప్రతినిధిగా తనకున్న అభిమానాన్ని, ఆత్మను అక్కడే విడిచి వచ్చానన్నాడు.

నేను అనువాదంలో వాడిన ఆ అభిమానం అన్న మాట దగ్గర మీరు ఒక క్షణం ఆగాలి. ఆయన అన్నది మొదటి అర్థంలో. సంస్కృతార్థంలో. ఆత్మగౌరవం అని. ఆ మాట విన్న దేశానికి అది రెండవ అర్థంలో తగిలింది. అతడు అక్కడ వదలి వచ్చినది వీళ్ళు ఏరుకుని దాచుకున్నారు. ఇదే నాకు దొరికిన ఉదాహరణ.

ఆ ప్రపంచ కప్పులో జపాను మూడు ఆటలూ ఓడిపోయింది. జమైకా మీద నకయామా ఒక్క గోలు చేశాడు. ఆ ఆటలో కాలి ఎముక విరిగినా చివరిదాకా ఆడాడట. ఈ నకయామా కూడా షిజువోకా మండలంవాడే, కజు పుట్టిన యేడే పుట్టాడు. 1998లో జె లీగులో 36 గోళ్ళు చేసి ఉత్తమ ఆటగాడయ్యాడు. ‘గోన్’ అని ముద్దుపేరు. నోరారా నవ్వే మనిషి. ఆయనన్నా జనానికి ఎంతో ఇష్టం. ఆ ఇష్టం మేనమామ మీద ఉండే ఇష్టంలాంటిది. కజు మీద ఉన్నది వేరు. అది కొంచెం నొప్పితో కూడినది.

ఇక నకాతా. ఈయన గురించి చెప్పకుండా కజు గురించి చెప్పడం కర్ణుని వదిలి అర్జునుని గురించి చెప్పడంలాంటిది. ఎవరు కర్ణుడో ఎవరు అర్జునుడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. 1998 సెప్టెంబరులో ఇటలీలోని పెరూజా జట్టుకు మొదటి ఆటలోనే యువెంతుస్ మీద రెండు గోళ్ళు. ఆ యేడు మొత్తం పది. 2001లో రోమా జట్టుతో ఇటలీ విజేత. వరుసగా 1997, 1998లలో ఆసియా ఉత్తమ ఆటగాడు. ప్రతిభలో, ఫలితాలలో కజు ఆయన దరిదాపులకు రాడని తెలిసినవారు చెబుతారు. నేను కాదనలేను. కాని నకాతాకు పత్రికలంటే గిట్టదు. విలేకరులు అడిగినదానికి పొడి మాటలతో జవాబు. చెప్పదలచినదేదో 1998లోనే సొంత జాలపుటను పెట్టుకుని అందులో వ్రాసుకునేవాడు. (మన కన్న ముందే, చూశారా!) 2006 జూన్‌లో జర్మనీలో బ్రెజిల్ చేతిలో 4-1తో ఓడిన తరువాత మైదానం నడుమ వెల్లకిల పడుకుని చాలాసేపు లేవలేదు. మరి కొద్ది రోజులకు, జులై 3న, అదే పుటలో ఆట చాలించానని వ్రాశాడు. వయసు 29! ఆ తరువాత దేశాలు తిరిగాడు, జపాను ఊళ్ళన్నీ తిరిగాడు, అక్కడి బియ్యపు మద్యానికి, చేతిపనులకు ప్రచారకుడయ్యాడు.

నకాతాను చూస్తే నాకు గౌరవం. ఫలం చేతికి వచ్చాక రంగం దిగిపోయిన నాయకుడు. ఎక్కడ ముగించాలో కవికి తెలియాలని మా గురువుగారు అనేవారు. నకాతాకు తెలుసు. కాని ఆయనకు జనం అవసరం లేదని జనానికి కూడా తెలుసు. కజు అట్లా కాదు. పదకొండవ నంబరు చొక్కా ఆయనది. యోకొహామా జట్టుతో ఆయన ఒప్పందం పొడిగించిన వార్తను కొన్నేళ్ళు జనవరి 11న, సరిగ్గా 11 గంటల 11 నిమిషాలకు ప్రకటించేవారు. ఇది వ్యాపారపు ఎత్తుగడ అనేవారున్నారు. కొంత అయి ఉండవచ్చు. పండుగ తేదీని పంచాంగం ముందే చెబుతుంది, అయినా పండుగ పండుగే.

నేను ఈయనను కంటితో చూశాను. 2017లో నాకు 58 నిండి పదవీ విరమణ అయింది. మరుసటి వసంతంలో యోకొహామాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పట్టుబట్టి పిలిపించుకున్నాడు. సకురా పూలు, బుద్ధ విగ్రహాలు, కోడలు వండిపెట్టిన పప్పుచారు, వీటితో మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం నన్ను మిత్సుజావా మైదానానికి తీసుకువెళ్ళాడు. పెద్దదేమీ కాదు, పదిహేను వేల మంది పట్టేది. కజు అప్పుడు అక్కడి రెండవ శ్రేణి జట్టు యోకొహామా ఎఫ్.సి.లో ఉన్నాడు. అంతకు ముందు యేడు, 2017 మార్చి 12న, అదే మైదానంలో 50 యేళ్ళ 14 రోజుల వయసులో గోలు చేశాడు. ఇంగ్లండు ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్ 50 యేళ్ళ 5 రోజుల వయసు దాకా ఆడాడని అంతవరకు అందరూ వింతగా చెప్పుకునేవారట.

నేను వెళ్ళిన రోజు ఆయన ఆడలేదు. అదనపు ఆటగాళ్ళ బల్ల మీద కూర్చున్నాడు. రెండవ సగంలో ఒకసారి లేచి, గీత పక్కన ఒళ్ళు వేడెక్కించుకోవడానికి అటూ ఇటూ పరుగెత్తాడు. లోపల అసలు ఆట జరుగుతోంది. ఇక్కడ చూస్తే మా వైపు కూర్చున్నవారందరూ బంతిని వదిలిపెట్టి ఈయన వైపు తిరిగి చప్పట్లు. మా ముందు వరుసలో ఒక ముసలావిడ, నా కన్న పదేళ్ళు పెద్దదై ఉంటుంది, పదకొండవ నంబరు తువ్వాలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఆయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆమె తువ్వాలు మడిచి ఒడిలో పెట్టుకుంది.

“నాన్నగారూ, ఆయన మీ కన్న ఎనిమిదేళ్ళే చిన్న,” అన్నాడు మావాడు.

“ఆడతాడంటావా?”

“చెప్పలేం నాన్నగారూ. అందరూ వచ్చేది ఆ చెప్పలేకపోవడం కోసమే.”

మావాడు తెలుగులో ఎన్నడూ నలభై దాటి మార్కులు తెచ్చుకున్నవాడు కాడు. ప్రాప్త్యాశకు ఇంత చక్కని నిర్వచనం మాత్రం నేను వినలేదు.

దీనికంతటికీ పరాకాష్ఠ అనదగినది 2011లో జరిగింది. ఆ మార్చి 11న ఈశాన్య జపానును భూకంపం, ఉప్పెన ముంచెత్తాయి. వేలాదిగా చనిపోయారు. 29వ తేదీన ఒసాకాలో బాధితుల సహాయార్థం ఆట పెట్టారు. ఒక వైపు దేశపు జట్టు, మరొక వైపు జె లీగు ఆటగాళ్ళ జట్టు. ఈ రెండవ జట్టులో కజు ఉన్నాడు, వయసు 44. రెండవ సగంలో లోపలికి వచ్చాడు. అప్పటికి దేశపు జట్టు రెండు గోళ్ళు చేసింది. 82వ నిమిషంలో వెనుక నుంచి వచ్చిన పొడుగు బంతిని సహచరుడు తలతో ముందుకు నెట్టితే కజు దానిని అందుకుని గోలు కొట్టాడు. మూల దగ్గరకు పరుగెత్తి ఆ పాత నృత్యం చేశాడు. అంత శోకంలో నృత్యమా అని ఒక్కరూ అనుకోలేదు. మైదానం అంతా లేచి నిలబడింది. ఆట 2-1తో దేశపు జట్టే గెలిచింది. ఆ మాట ఎవరికీ జ్ఞాపకం లేదు. గెలిచినవారిలో ఐరోపాలో ఆడుతున్న ప్రతిభావంతులున్నారు. కాని ఆ పూట ఆ దేశానికి కావలసినది ప్రతిభ కాదు. విరిగినవాడు లేచి ఆడడం ఎట్లా ఉంటుందో చూడడం.

ఇక్కడ మన మాట ఒకటి చెప్పుకోవాలి. జపానుకు ఫుట్‌బాల్‌లో ఇంత పేరు లేని రోజులలో, 1962 జకార్తా ఆసియా క్రీడలలో, భారత జట్టు వారిని 2-0తో ఓడించింది. రెండింటిలో ఒక గోలు తులసీదాస్ బలరామ్‌ది. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టినవాడు. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీమ్ గారు కూడా హైదరాబాదీయే. ఆ పోటీలలో స్వర్ణం మనదే. ఆనాటి ముందువరుసలో చునీ గోస్వామి, ప్రదీప్ కుమార్ బెనర్జీ, బలరామ్ అని ముగ్గురి పేర్లు కలిపి చెప్పేవారు. మొదటి ఇద్దరికీ తరువాత పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు అర్జున పురస్కారంతో సరి. బెంగాలులోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో వెళ్ళిపోయాడు. సమానులైన ముగ్గురిలో ఒకరి పేరు మాత్రమే ఎందుకు మసకబారుతుందో నాకు తెలియదు. ఓటమి కూడా ఒక దేశం జ్ఞాపకంలో నిలవాలంటే, ఆ కథను పదే పదే చెప్పుకునేవారుండాలి. జపానులో కజుకు వారున్నారు. అమ్ముగూడ పిల్లవానికి మనం లేము.

ఇంత చెప్పి రెండవ పక్షం చెప్పకపోతే తప్పు. 2015 ఏప్రిల్‌లో ఇసావో హరిమోతో అనే సుప్రసిద్ధ బేస్‌బాల్ వృద్ధవీరుడు దూరదర్శన్ కార్యక్రమంలో, ఇక కజు మానుకోవాలని, కుర్రవాళ్ళకు చోటివ్వాలని అన్నాడు. జనం హరిమోతో మీద విరుచుకుపడ్డారు. కజు మాత్రం కోప్పడలేదు. అంత పెద్దాయన తన గురించి మాట్లాడడమే సంతోషమని, ఇంకా బాగా ఆడి చూపించమన్నట్టుగా దానిని తీసుకుంటానని జవాబిచ్చాడు. మర్యాద బాగున్నది. ప్రశ్న మాత్రం అట్లాగే ఉండిపోయింది. 2020 సెప్టెంబరు 23న 53 యేళ్ళ వయసులో అగ్రశ్రేణిలో ఆడి, నకయామా పేరున ఉన్న పెద్ద వయసు రికార్డును దాటాడు. ఆనాడు ఆయన పక్కన నకమురా కూడా అదే చొక్కాతో ఆడాడు. స్కాట్లాండులో సెల్టిక్ జట్టుకు ఆడుతూ 2006లో మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆ ప్రసిద్ధమైన ఫ్రీకిక్ కొట్టిన నకమురా. అప్పటికి ఆయనకు 42. పక్కన కజు ఉండడం చేత కుర్రవానిలా కనిపించాడు. మరుసటి యేడు, 2021లో, లీగు పోటీలన్నిటిలో కలిపి కజు ఆడినది ఒకే ఒక్క నిమిషం.

ఒక నిమిషం! సంవత్సరమంతా ప్రతి ఉదయం సాధన, ఆహారనియమం, మంచుకట్టలతో కాళ్ళకు కాపడం, ఇంత చేసి ఒక నిమిషం. ఆ నిమిషం ఎవరిది? చూడాలనుకున్న జనానిదా, ఆడాలనుకున్న ఆయనదా, ఆ చోటు దొరకని ఇరవై యేళ్ళ కుర్రవానిదా?

నాకీ ప్రశ్న ఆటకు సంబంధించినది కాదు. విరమణ తరువాత నాలుగైదేళ్ళుగా మా ఊరి బడిలో శనివారం చివరి గంట పద్యపఠనం చెబుతున్నాను. జీతం లేదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు. మొదట ముప్పై మంది పిల్లలు వచ్చేవారు. ఇప్పుడు ఏడుగురు. ఆ బడిలో ఉన్న తెలుగు పంతులు యువకుడు, చురుకైనవాడు. పిల్లల చేత సెల్‌ఫోనులో పద్యం పాడించి, దానికి బొమ్మలు చేర్పించి పోటీలకు పంపిస్తాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేస్తాడు. ఆ గంటలో ఆయన తన పాఠం చెప్పుకోవచ్చు. ఎన్నడూ ఆ మాట అనలేదు. అనకపోవడమే నన్ను ఆలోచింపజేస్తుంది. ఆయన చప్పట్లు కొడుతున్నాడా, ఓర్చుకుంటున్నాడా?

మా ఇల్లాలిని అడిగాను. “వెళ్ళకపోతే ఆ గంట ఇంట్లో ఉండి నా ప్రాణం తీస్తారు. వెళ్ళండి,” అన్నది. శాస్త్రచర్చ అక్కడితో ముగిసింది.

కజు ఆ ఒక్క నిమిషం తరువాత పేరున్న జట్టులోనే బొమ్మగా కూర్చోలేదు. అది నాకు నచ్చింది. ఆడనిచ్చే చోటు వెతుక్కుంటూ 2022లో నాలుగవ శ్రేణికి దిగి, తన అన్న యసుతోషి శిక్షకుడుగా ఉన్న సుజుకా జట్టులో చేరాడు. 2023లో 56వ యేట పోర్చుగల్ వెళ్ళి అక్కడి రెండవ శ్రేణిలో ఒలివెయిరెన్సే జట్టుకు చివరి నిమిషాలలో దిగాడు. 2024లో మళ్ళీ సుజుకాకు వచ్చాడు. అంటే శిఖరం మీద కూర్చోవడం ఆయన పట్టుదల కాదు. మెట్లు దిగుతూ కూడా ఆడతానన్నది ఆయన పట్టుదల. ఇది చోటును ఆక్రమించడం కన్న భిన్నమైనదని నా మనసు వాదిస్తుంది. నా మనసు నా పక్షానే వాదిస్తుందని కూడా నాకు తెలుసు.

2025 ఫిబ్రవరి 26న ఆయనకు 58 నిండాయి. నాకు శాలువా కప్పి, గడియారం చేతికిచ్చి, హారతి పట్టి ఇంటికి సాగనంపిన వయసు. ఆ యేడు కూడా ఆయన పేరు సుజుకా ఆటగాళ్ళ పట్టికలో ఉన్నది. మావాడు ఫోను చేసి, “మీ రాజుగారు విరమణ వయసుకు వచ్చారు నాన్నగారూ,” అన్నాడు. విరమిస్తున్నాడా అని అడిగాను. నవ్వాడు.

మిత్రులారా, మీలో క్రీడలు తెలిసినవారు నకాతా పక్షాన వ్యాఖ్యలు వ్రాస్తే సంతోషంగా చదువుతాను. జవాబు ఆదివారం కాని ఇవ్వలేను. శనివారం సీసపద్యం మొదలుపెట్టాలి. ఏడుగురిలో నలుగురికి ఇంకా ఆటవెలది గణాలే తేలలేదు.